పెక్‌హామ్ ప్రయోగం (1926–1950): నగరవాసుల ఆహారం, వ్యాయామం, ఆరోగ్యం – ఒక చారిత్రక పరిశీలన

నగరాల ఆరోగ్య చరిత్రలో ఎక్కువ భాగం మురుగుకాలువలు, మంచినీటి గొట్టాలు, టీకాలు, ఆసుపత్రుల చరిత్రే. జబ్బు చేయని మనిషి ఏం తింటున్నాడు, పని ముగించుకుని ఇల్లు చేరాక ఒళ్లు కదిలించే వీలు అతనికి ఉందా అన్న ప్రశ్నలు అందులో అరుదుగా కనిపిస్తాయి. ఆ ప్రశ్నలనే ప్రధానంగా పెట్టుకుని దక్షిణ లండన్‌లోని పెక్‌హామ్ అనే పేటలో 1926 నుంచి 1950 వరకు, మధ్యలో రెండుసార్లు ఆగిపోతూ, ఒక సంస్థ నడిచింది. దాని పేరు పయనీర్ హెల్త్ సెంటర్. వైద్య చరిత్రలో దాన్ని పెక్‌హామ్ ప్రయోగం అని వ్యవహరిస్తారు. ఈ సంస్థ ఎలా మొదలైందన్నదానికంటే, పౌరులందరికీ ఉచిత వైద్యం అందించే బాధ్యతను రాజ్యం స్వీకరించిన రెండేళ్లకే ఎందుకు మూతపడిందన్నది ఎక్కువ ఆలోచించవలసిన విషయం.

క్వీన్స్ రోడ్డులోని ఇల్లు

ప్రయోగకర్తలు ఇద్దరూ వైద్యులు. జార్జ్ స్కాట్ విలియమ్‌సన్ రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు. ఇన్నెస్ పియర్స్ తల్లీబిడ్డల ఆరోగ్యంపై ఆసక్తి గల వైద్యురాలు. పెక్‌హామ్‌ను వారు ఎంచుకోవడంలో ఒక లెక్క ఉంది. అది లండన్ పేటల్లో నిరుపేదది కాదు. చేతిపనివారు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు, ఒక మోస్తరు రాబడి గల శ్రామిక కుటుంబాలు అక్కడ ఉండేవి. కటిక దారిద్ర్యం ఉన్నచోట అనారోగ్యానికి కారణం వెతకనక్కరలేదు. తిండికి లోటు లేని ఇంట్లో మనుషులు నిజంగా ఆరోగ్యంగా ఉన్నారా అన్నదే వారి జిజ్ఞాస.

1926లో క్వీన్స్ రోడ్డులోని ఒక చిన్న ఇంట్లో కేంద్రం మొదలైంది. సభ్యత్వం వ్యక్తికి కాదు, కుటుంబానికి. స్వల్పమైన వారపు చందా చెల్లించి, ఇంటిల్లిపాదీ కాలానుగుణంగా వైద్యపరీక్ష చేయించుకోవాలి. మూడేళ్లలో 112 కుటుంబాలు చేరాయి. తమకు ఏ బాధా లేదని చెప్పినవారిలో కూడా అధికసంఖ్యాకులకు ఏదో ఒక లోపం బయటపడింది. అంతకంటే ముఖ్యమైన సంగతి తరువాత తేలింది. ఆ లోపానికి మరోచోట చికిత్స చేయించుకుని వచ్చినవారు కొన్నాళ్లకు మళ్లీ మొదటికే వచ్చేవారు. పొద్దున్నుంచి రాత్రి దాకా రెండు గదుల్లో పిల్లలతో గడిపే గృహిణికి రోజూ నడవమని, తాజా కూరలు తినమని, నలుగురితో కలవమని చెప్పడం సులభం. నడవడానికి, కలవడానికి ఆమెకు చోటు లేదు. సాధనం ఇవ్వకుండా సలహా ఇవ్వడం వ్యర్థమని వైద్యులు గ్రహించి 1929లో ఆ ఇంటిని తామే మూసివేశారు. తరువాతి ఆరేళ్లు నిధుల సేకరణలో గడిచాయి.

గాజు గోడల వెనుక

1935లో సెయింట్ మేరీస్ రోడ్డులో ప్రారంభమైన కొత్త భవనాన్ని ఇంజనీరు, వాస్తుశిల్పి అయిన సర్ ఓవెన్ విలియమ్స్ రూపొందించాడు. మూడంతస్తుల కాంక్రీటు కట్టడం అది. నడిమధ్య ఈతకొలను, దాని చుట్టూ వ్యాయామశాల, రంగస్థలం, శిశుశాల, ఫలహారశాల, వైద్యపరీక్షల గదులు ఏర్పాటయ్యాయి. లోపలి గోడలు చాలావరకు గాజువే. ఫలహారశాలలో టీ తాగుతున్నవారికి కొలనులో ఈదుతున్నవారు కనిపిస్తారు. ఇది అలంకారం కోసం చేసింది కాదు. ఆరితేరిన క్రీడాకారుణ్ణి చూసినప్పుడు సామాన్యుడు చప్పట్లు కొట్టి ఊరుకుంటాడు. తన వయసువాడు, తనలాగే బొజ్జ ఉన్నవాడు తడబడుతూ ఈత నేర్చుకోవడం చూస్తేనే తానూ దిగవచ్చునన్న ధైర్యం వస్తుంది. ప్రయోగకర్తలు ఈ విషయాన్ని స్పష్టంగా గుర్తించి, భవననిర్మాణంలోనే దానికి చోటు కల్పించారు.

కేంద్రానికి నడకదూరంలో, అంటే చంటిబిడ్డను బండిలో తోసుకుంటూ రాగల దూరంలో, నివసించే కుటుంబాలకే ప్రవేశం. చందా కుటుంబానికి వారానికి ఒక షిల్లింగ్. వైద్యపరీక్షకు యంత్రాల విషయంలో వాడే 'ఓవర్‌హాల్' అన్న మాటనే వాడారు. పరీక్షలు పూర్తయ్యాక కుటుంబాన్ని కూర్చోబెట్టి కనిపించిన వాస్తవాలను వివరించేవారు. ఫలానా పని చేయండని ఆదేశించేవారు కారు. చికిత్స అవసరమైతే బయటి వైద్యుల వద్దకు పంపేవారు. 1943లో వెలువడిన 'ద పెక్‌హామ్ ఎక్స్‌పెరిమెంట్' గ్రంథం ప్రకారం, పరీక్షించిన ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఏదో ఒక శారీరక లోపం ఉంది. స్త్రీలలో ఇనుము లోపం విస్తారంగా కనిపించింది. వీరిలో అత్యధికులు తమను తాము ఆరోగ్యవంతులుగానే భావించుకునేవారు.

ఆ గ్రంథానికి సహరచయిత్రి లూసీ క్రాకర్. పిల్లల కార్యక్రమాల బాధ్యత ఆమెది. తొలినాళ్లలో బడి విడిచిపెట్టగానే భవనంలోకి దూసుకొచ్చిన పిల్లలు పరుగులతో, కేకలతో పెద్దలను బెంబేలెత్తించారు. ఒక క్రమశిక్షణాధికారిని నియమించాలని, వేళల పట్టిక పెట్టాలని ఒత్తిడి వచ్చింది. దానికి ఆమె అంగీకరించలేదు. చక్రాల బూట్లు, ఈతకొలను, వ్యాయామ పరికరాలు అన్నీ పిల్లలకు అందుబాటులో ఉంచి, ఎవరికి ఏది కావాలో వారే అడిగి చీటీ తీసుకునే పద్ధతి ప్రవేశపెట్టింది. కొన్ని నెలలకు గోల సద్దుమణిగింది. ప్రతి పిల్లవాడు తనకు చేతనైన పనిని ఎంచుకుని దానిలో లీనమయ్యాడు. ఆ చీటీల వల్ల ఏ బిడ్డ ఏ రోజు ఏం చేసిందో నమోదు కావడం శాస్త్రజ్ఞులకు అదనపు లాభం. ఎవరూ వ్యాయామం చేయమని చెప్పకుండానే వ్యాయామం జరిగిందనడానికి పెక్‌హామ్ చరిత్రలో దీనికి మించిన నిదర్శనం లేదు.

పాలు, కూరగాయలు, కూనూరు

ఆహారం విషయంలో ఇంత స్వేచ్ఛ సరిపోలేదు. నగరంలో దొరికే పాలు, కూరలు తాజావి కావు. అందువల్ల బ్రోమ్లీ కామన్ వద్ద ఒక పొలం తీసుకుని, క్షయపరీక్ష జరిపిన ఆవుల పాలను, సేంద్రియ ఎరువుతో పండించిన కూరగాయలను కేంద్రానికి తెప్పించేవారు. గర్భిణులు, గర్భధారణకు సిద్ధపడుతున్న దంపతులు, పసిపిల్లలు వీటికి మొదటి హక్కుదారులు. బిడ్డ ఆరోగ్యం కాన్పుతో కాక, తల్లిదండ్రుల తిండితో మొదలవుతుందన్నది వారి వాదం.

ఈ వాదాన్ని ఆనాటి బ్రిటన్‌లో బలపరిచిన శాస్త్రపరిశోధనలో గణనీయమైన భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోని కూనూరులో జరిగింది. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ భారతదేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి వాటి ఎదుగుదలను పోల్చాడు. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలతో కూడిన ఉత్తరాది ఆహారం తిన్నవి బలంగా పెరిగాయి. అన్నమే ప్రధానమైన దక్షిణాది ఆహారం తిన్నవి ఆ వరుసలో అడుగున నిలిచాయి. పేద ఆంగ్లేయులు తినే తెల్లరొట్టె, మార్గరిన్, చక్కెర వేసిన టీ, డబ్బామాంసం పెట్టినవి కూడా చిక్కిపోయి రోగాల పాలయ్యాయి. 1936లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు ఈ ఫలితాలను విస్తృతంగా ప్రచారం చేశాయి. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోనివే కనుక, మెక్‌కారిసన్ బలహీనమైనదని తేల్చిన ఆహారం తెలుగువారి వంటింటికి దూరమైనదేమీ కాదు.

అయితే రెండు పరిశోధనలకు మధ్య ఒక మౌలికభేదం ఉంది. బోనులోని ఎలుక పెట్టినది తింటుంది. పెక్‌హామ్ గృహిణి తినవలసినదాన్ని తానే ఎంచుకోవాలి, కొనాలి, వండాలి, భర్తనూ పిల్లలనూ ఒప్పించాలి. ఏది మంచి ఆహారమో కూనూరు చెప్పింది. అది నగరంలో సాధారణ కుటుంబం పళ్లెంలోకి ఎలా చేరుతుందన్నది పెక్‌హామ్ ప్రశ్న. లేడీ ఈవ్ బాల్ఫర్ 1943లో ప్రచురించిన 'ద లివింగ్ సాయిల్' గ్రంథంలో ఈ రెండు పరిశోధనలూ ప్రస్తావనకు వచ్చాయి. 1946లో ఏర్పడిన సాయిల్ అసోసియేషన్ స్థాపకుల్లో పియర్స్ కూడా ఉన్నారు.

మూతకు కారణాలు

1939లో యుద్ధం మొదలుకాగానే కేంద్రం మూతపడి, భవనం యుద్ధసామగ్రి తయారీకి వెళ్లింది. 1946లో తిరిగి తెరవడం వెనుక పాత సభ్యకుటుంబాల పట్టుదల ఉంది. ఆ సంవత్సరమే జాతీయ ఆరోగ్య సేవ చట్టం ఆమోదం పొంది, 1948 జులై 5న అమలులోకి వచ్చింది. ప్రభుత్వ సహాయం అందక, విరాళాలు చాలక 1950లో కేంద్రం శాశ్వతంగా మూతపడింది.

కొత్త వ్యవస్థలో తమకు చోటు లేకపోవడానికి చెప్పిన కారణాలను పియర్స్ నమోదు చేశారు. కేంద్రం రోగచికిత్సను కాక ఆరోగ్యాన్ని పట్టించుకుంటుంది. అందరికీ తెరిచి ఉండక ఒక్క పేటకే పరిమితమైంది. ఉచితం కాదు, చందా వసూలు చేస్తుంది. స్వయంపాలన గల సంస్థ కనుక ప్రభుత్వ పరిపాలనా చట్రంలో ఇమడదు. వీటిలో మొదటిది కొత్త వ్యవస్థ పరిమితిని బయటపెడుతుంది. రోగి వచ్చాకనే ఆ వ్యవస్థకు పని మొదలవుతుంది. తక్కిన మూడింటినీ అంత తేలికగా తోసిపుచ్చలేం. షిల్లింగ్ కూడా కట్టలేనివారి మాటేమిటి? భార్యాభర్తలున్న కుటుంబానికే సభ్యత్వం అనడం వల్ల ఒంటరి స్త్రీలు, అవివాహితులు గడప బయటే ఉండిపోయారు. జననాల రేటు తగ్గిపోతోందన్న ఆనాటి ఆందోళన ఈ నియమంలో వినిపిస్తుంది. పైగా తన ఖర్చు తాను భరించుకోవడానికి అవసరమైన 2000 కుటుంబాల సంఖ్యను కేంద్రం ఎన్నడూ చేరుకోలేదు. ఇష్టపడి వచ్చినవారి మీద సాధించిన ఫలితాలు రానివారికి వర్తిస్తాయా అన్నదానికి దాని నివేదికల్లో సంతృప్తికరమైన సమాధానం దొరకదు.

అయినా పేటకే పరిమితం కావడాన్ని లోపాల జాబితాలో చేర్చడం సమంజసంగా లేదు. పొరుగువాడు తడబడుతూ ఈదడం చూసి నీళ్లలోకి దిగే మనిషికి, ఆ పొరుగువాడు నిజంగా పొరుగువాడై ఉండాలి. నగరమంతటికీ ఒకే కేంద్రం తెరిస్తే గాజుగోడకు అవతల కనిపించేది అపరిచితులే. ప్రతి పేటకూ ఒకటి చొప్పున నెలకొల్పడం ఎంత ఖర్చో లెక్కవేసే అవకాశం ఆ ప్రయోగానికి దక్కలేదు.

భవనం లండన్ కౌంటీ కౌన్సిల్ చేతికి వెళ్లింది. తరువాతి కాలంలో దాన్ని నివాసగృహాలుగా మార్చారు. విలియమ్‌సన్ 1953లో మరణించాడు. పియర్స్ ఆ తరువాత పాతికేళ్లు జీవించి, పెక్‌హామ్ అనుభవాలపై మరో గ్రంథం రాశారు. 'ద క్వాలిటీ ఆఫ్ లైఫ్' అనే ఆ పుస్తకం ఆమె మరణించిన మరుసటి సంవత్సరం, 1979లో వెలువడింది.