బూడిదలో డెక్కల గుర్తులు

ఉట్నూరు అనగానే చాలామందికి ఆదిలాబాద్ గుర్తొస్తుంది. నేను చెప్తున్నది మక్తల్ వైపున్న ఉట్నూరు సంగతి. మా ఆత్మకూర్‌లాగే అదీ పాత పాలమూరు జిల్లా ఊరే. 1957లో రేమండ్ ఆల్చిన్ అక్కడి బూడిద దిబ్బను తవ్వాడు.

దక్కనులో ఇలాంటి దిబ్బలు నూటికి పైనే ఉన్నాయి. రాక్షసుల్ని కాల్చిన చోటని జనం కథలు చెప్పుకున్నారు, అగ్నిపర్వతాల బూడిదని కొందరు పండితులు ఊహించారు. అది పశువుల పేడ కాలిన బూడిదేనని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే అన్నాడు. ఆల్చిన్‌కి రుజువు దొరికింది: గుంజలు పాతిన గుంతల వరుసలు, బూడిద పొరల్లో పశువుల డెక్కల ముద్రలు. అంటే అదొక దొడ్డి. పేడ పేరుకోవడం, తగలబెట్టడం, మళ్లీ దడి కట్టడం. ఇదంతా సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మాట.

అంత పేడను ఎందుకు కాల్చారు? మందలు తరలే వేళ జరుపుకున్న పండగ మంటలని ఆల్చిన్ అభిప్రాయం. తర్వాత కర్ణాటకలోని బూదిహాళ్‌లో కె. పద్దయ్య పశువుల్ని కోసిన స్థలాన్ని బయటపెట్టారు. మంద అంటే పాలూ మాంసమే కాదు, నలుగురూ ఒకచోట చేరడానికి కారణం కూడా అన్నమాట.

అదే సహస్రాబ్ది చివర్లో, మెసొపొటేమియాలోని డ్రేహెంలో, ఊర్ రాజుల గుమాస్తాలు పన్నుగా వచ్చిన ఎడ్లనీ గొర్రెలనీ తేదీలతో సహా మట్టి పలకల మీద రాసుకున్నారు. అలాంటి పలకలు వేలల్లో దొరికాయి. మన దేశంలో ఆ లెక్క తర్వాత వచ్చింది. అర్థశాస్త్రంలో గోఅధ్యక్షుడు మందల్ని లెక్కపెట్టి ముద్ర వేయిస్తాడు. నానాఘాట్ శాసనంలో శాతవాహనులు యజ్ఞదక్షిణగా వేల ఆవుల్ని ఇస్తారు.

పశుపాలన, వ్యవసాయం, రాజ్యం అంటూ చరిత్రను మెట్లెక్కినట్టు చదువుకున్నాం. నాకు మాత్రం అసలు తేడా లెక్క ఎవరి చేతిలో ఉందన్న దగ్గర కనిపిస్తుంది. డేటాబేసులతో పనిచేసేవాడిని కాబట్టేమో, ఏ పట్టికను చూసినా ‘ఇది ఎవరికి చూపించడానికి?’ అనే అడగాలనిపిస్తుంది. ఉట్నూరు వాళ్లు అంత దడి కట్టారు, కాలిన ప్రతిసారీ మళ్లీ కట్టారు. కానీ అక్కడ కోట లేదు, రాత లేదు. కలిసి పెద్ద పని చేయడానికి రాజే ఉండాలని లేదు.

రాత లేనివాళ్ల చరిత్రకు ఆ పొరలే ఆధారం. చాలా దిబ్బల్ని ఎరువు కోసం తవ్వుకెళ్లారు. అప్పుడు పొలానికి పోకుండా కాలిన పేడ ఇన్నాళ్లకు పొలం చేరింది. రైతుని తప్పుపట్టలేం. ఆ దిబ్బ ఏమిటో అతనికి చెప్పాల్సింది మనమే కదా.