బాప్తిస్మ జలము

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలమున, బెలుం గ్రామమునకు చేరువ పొలముల నడుమ, నేల బావివలె విచ్చుకొని యుండును. ఆ ద్వారమున దిగి సున్నపురాతి గోడల నడుమ సాగినచో, నలుబదియారు మీటర్ల లోతున, పాతాళగంగ యనుచోట, సన్నని నీటిధార యొకటి కనబడి మరల రాతిలోనికే మాయమగును. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించిన ఈ గుహలను 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబావర్ బృందము శోధించినది. తెలిసినంతవరకు వాటి పొడవు 3,229 మీటర్లు. ఇంతటి బిలమును తొలిచినది నీరే. కాని నేలపై నీటికై కనిపెట్టుకొని యుండుట సీమ ప్రజలకు తరతరముల అనుభవము. నీరు అరుదైనచోట అది ఎవరిది, ఎవరు ముట్టవచ్చును, ఎవరు ముట్టరాదు అను ప్రశ్న తప్పదు. ఇట్టి సీమలో నీటినే గుర్తుగా గైకొన్న క్రైస్తవ సంస్కారమగు బాప్తిస్మము ఎట్టి అర్థమును సంతరించుకొన్నదో నేడు విచారింతము.

బాప్తిస్మ మనునది గ్రీకు భాషనుండి వచ్చిన మాట. ముంచుట యని దాని మూలార్థము. మన కథోలిక సోదరులు దీనినే జ్ఞానస్నానమందురు. యేసు తానే యొర్దాను నదిలో యోహానుచేత బాప్తిస్మము పొందెనని సువార్తలు చెప్పుచున్నవి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున శిష్యులకు బాప్తిస్మమిమ్మని ఆయన ఆజ్ఞాపించినట్లు మత్తయి సువార్త ముగియుచున్నది. ఇందు మూడు భావములు ఇమిడియున్నవి. మొదటిది పాపప్రక్షాళనము. రెండవది మరణ పునరుత్థానములు: నీట మునుగుట క్రీస్తుతో సమాధియగుట యనియు, పైకి లేచుట ఆయనతో క్రొత్త బ్రతుకునకు లేచుట యనియు రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు బోధించెను. మూడవది ఏకశరీరములో చేరుట: బాప్తిస్మము పొందినవారిలో యూదుడని గ్రీసు దేశస్థుడని, దాసుడని స్వతంత్రుడని, పురుషుడని స్త్రీయని భేదము లేదని గలతీయులకు వ్రాసెను.

మహానంది కోనేట భక్తుడు ఎన్నిసార్లు పోయిన అన్నిసార్లును స్నానమాడును. పుణ్యస్నానమున కదియే సహజము. బాప్తిస్మమో, జన్మవలె ఒక్కసారియే. ఒకసారి పొందినవాడు సంఘమును విడిచి మరల వచ్చినను పశ్చాత్తాపమే గాని పునర్బాప్తిస్మము లేదని ప్రాచీన సంఘము క్రమముగా నిర్ణయించుకొన్నది.

ఎంత నీరు కావలెనను చర్చయు పురాతనమైనదే. అపొస్తలుల బోధ యను ప్రాచీన గ్రంథము 1873లో కాన్‌స్టాంటినోపిలునందు బయల్పడి 1883లో ముద్రింపబడినది. పారెడు నీటిలో బాప్తిస్మమిమ్మనియు, అది లేనిచో వేరు నీటిలో ఇమ్మనియు, అదియు చాలనిచో తలపై ముమ్మారు పోయుమనియు దాని విధి. నీటికరవు నెరిగిన సీమవారికి ఈ సడలింపు ఎంత ఇంగితజ్ఞానముతో కూడినదో వేరుగ చెప్పనక్కరలేదు. బాప్టిస్టులు విశ్వాసము నొప్పుకొన్నవారిని మాత్రమే పూర్తిగా నీట ముంచుదురు. ఆంగ్లికనులు, కథోలికులు, లూథరనులు శిశువులకును బాప్తిస్మమిత్తురు. బిడ్డ తరఫున జ్ఞానతల్లిదండ్రులు మాట యిత్తురు. ముంచినను పోసినను, నీరును త్రిత్వ నామమును అందరికిని సమానములే.

ఇక మన ప్రాంతపు చరిత్రకు వత్తము. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచి జెస్విట్ గురువుల కర్ణాటక మిషను రాయలసీమలో కొన్ని రెడ్డి కుటుంబములకు జ్ఞానస్నాన మిచ్చెను. వారిలో పలువురు తరువాత గుంటూరు సీమకు తరలిపోయిరి. 1822లో లండన్ మిషనువారు కడపలో పని ప్రారంభించిరి. 1850ల దశకమున ఆంగ్లికనుల ఎస్.పి.జి. సంస్థ ఆళ్లగడ్డకు చేరువనున్న ముత్యాలపాడును కేంద్రముగా చేసికొన్నది. అచట జాన్ క్లే చిరకాలము పనిచేసెను. ఆ పిలుపు విన్నవారిలో మాలలు అధికులు.

వారు ఒంటరిగా గాక, పల్లెకు పల్లెగా, పెద్దల మాటతో కదలి వచ్చిరి. వెంటనే బాప్తిస్మము పొందినవారు కారు. మొదట ఉపదేశకుడు వచ్చును. చదువురాని స్త్రీపురుషులు పొలము పనులు ముగించి వచ్చి, రాత్రివేళ దీపపు వెలుగున విశ్వాస ప్రమాణమును, ప్రభుప్రార్థనను, పది ఆజ్ఞలను వల్లెవేయుదురు. పిదపనే నీరు. ఆ నీటి విలువ గ్రహింపవలెనన్న మరియొక నీటిని తలచుకొనవలెను. ఊరిబావి గట్టుపై అడుగిడరాక, ఎవరైన దయతలచి కడవలో పోయువరకు దూరమున నిలిచిన కులములవా రీ ప్రజలు. అట్టివారి తలపై ఒకరు చేయివేసి, పేరుపెట్టి పిలిచి, నీరు పోసినప్పుడు, పౌలు మాట వారికి చదివి తెలిసికొనవలసిన సిద్ధాంతము గాక ఒంటికి తగిలిన అనుభవమైనది.

దీనికి వ్యతిరేకముగ ఒక అనుమానము నాటినుండియు కలదు: వీరు అన్నమునకై వచ్చినవారు కారా? ఈ ప్రశ్నను మేము దాటవేయము. 1876-78 నాటి క్షామము కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను మిక్కిలి పీడించినది. దానితో సంఘములలో జనము హెచ్చిన మాటయు నిజమే. దీనికి ఒంగోలు చరిత్ర కొంత సమాధానమిచ్చుచున్నది. అచట 1866లో ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద బాప్తిస్మముతో ఒక ఉద్యమము ఆరంభమైనది. కరవుకాలమున బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. కాని కూటికై చేరినారన్న మాట రాకుండ పదునైదు నెలలపాటు ఒక్కరికిని బాప్తిస్మమీయ నిరాకరించెను. కాలువపని ముగిసినది, సహాయము నిలిచినది. అయినను జనము వచ్చి నిలిచిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ముంచినవారు దొరలు కారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు ఆ కార్యము నెరవేర్చిరి.

అన్నము, గౌరవము, విశ్వాసము అను మూడింటిని మనుష్యుని హృదయములో విడదీసి తూచుటకు చరిత్రకారునియొద్ద త్రాసు లేదు. ఆకలిగొన్నవాని విశ్వాసమే అనుమానాస్పదము, కడుపు నిండినవానిది కాదు అనుట మాత్రము న్యాయము కాదు.

1912లో దోర్నకల్ పీఠమునకు బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికను సమాజమున తొలి భారతీయ బిషప్పు. నంద్యాల ప్రాంతము తరువాత ఆయన మండలములోనే యుండెను. బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేయి నుంచుకొని, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త ప్రకటింపనిచో తమకు శ్రమయనియు చెప్పునట్లు ఆయన అలవాటు చేసెను. ప్రతి కూలివానిని సాక్షిగా నిలుపుట ఆ ఆచారపు మర్మము. 1947లో దక్షిణ ఇండియా సంఘమేర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికనులలో పలువురు వెలుపలనే నిలిచిరి. 1963లో వేరుగ మేత్రాసనమేర్పడి, 1975లో ఐక్యసంఘములో చేరినది. వివాదము గురువుల అభిషేకమును గూర్చినది. ఒకరి బాప్తిస్మము నొకరు కాదనలేదు. బల్లలు వేరైనను నీరు ఒక్కటియే యైనది.

కాని లోపమును దాచరాదు. ఏకశరీరమని నమ్మినవారే పెండ్లిసంబంధములయందు, పలుచోట్ల గుడియందును, మాల మాదిగ భేదమును పాటించిరి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైనవానికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. మతము కులమును తుడిచెనని చట్టము, తుడువలేదని అనుభవము. ఈ రెండింటి నడుమ పల్లె క్రైస్తవుడు నేటికిని నిలిచియున్నాడు.

కనుక బాప్తిస్మము పొందుట ఒక్క గడియలో ముగియును. దానిని బ్రతుకుట జీవితమంత పట్టును. బెలుంలో ఆ సన్నని ధార రాతిలోనికి దిగి, కంటికి కనబడకయే సాగిపోవుచున్నది. తలపై పోసిన నీరును క్షణములో ఆరిపోవును. అది లోపల పారుచున్నదా లేదా యనుటకు గుర్తు గుడిలో దొరకదు. గుడి వెలుపల, ఊరిబావి గట్టుపై, పొరుగువాని కడవకు మనము చోటిచ్చు తీరులో దొరకును.