ఏడు గింజలు, ఒక గరాటు: ఖహ్వా తారీఖ్

కాఫీ మాటెత్తితే మనవాళ్ళు ఇంగ్లీషోళ్ళు తెచ్చారంటారు, లేదంటే తమిళుల ఇత్తడి ఫిల్టర్ గురించి చెప్తారు. ఈమధ్య బెంగళూరులో నౌకరీలు చేసే పిల్లలు ఇంకోటి మొదలుపెట్టారు, పోర్ ఓవర్ అని. గరాటులాంటి పింగాణీ గిన్నె, దాన్లో కాగితం, కాగితంలో పొడి, పైనుంచి సన్నధారగా వేణ్ణీళ్ళు. మా చెల్లెలి కొడుకు అట్లాంటిదొకటి బత్తలపల్లెకి తెచ్చాడు. "మామూ, ఇది జపాన్‌ది" అన్నాడు. గరాటు జపాన్‌దే, కాదనను. దాన్లో పోసే పొడికి మాత్రం వేరే తారీఖ్ ఉంది. అది మన బుజుర్గులది.

ఖహ్వాని తాగడం అలవాటు చేసింది 15వ శతాబ్దపు యెమెన్ సూఫీలు. రాత్రంతా జిక్ర్‌లో కూర్చునేవాళ్ళకి నిద్ర ఆపే మందు అది. కైరోలో అల్ అజ్‌హర్ దగ్గర ఉన్న యెమెనీ ఫకీర్ల గురించి 16వ శతాబ్దంలో అల్ జజీరీ అనే ఆయన రాసిపెట్టాడు. వారానికి రెండు రాత్రులు ఎర్రమట్టి పాత్రలో ఖహ్వా పోసుకునేవాళ్ళట. పెద్దాయన చిన్న గరిటెతో ముంచి కుడివైపు నుంచి వరసగా అందిస్తుంటే, మిగతావాళ్ళు కలిమా చదువుతూ తాగేవాళ్ళట. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి ఇది హరామ్ అని ఖహ్వాఖానాలు మూయించాడు. ఆ హుకుం ఎక్కువకాలం నిలవలేదు. నిద్రపట్టని మనిషి చేతిలోంచి కప్పు లాక్కోవడం ఏ హాకిమ్ వల్ల అవుతుంది!

మన ముల్క్‌కి గింజ వచ్చిన రివాయత్ అందరూ వినాల్సింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ హజ్‌కి పోయి, తిరిగొస్తూ యెమెన్‌లోని మోకా రేవు దగ్గర ఏడు పచ్చి గింజలు దాచి తెచ్చాడంటారు. మొలకెత్తే గింజని అరబ్బులు బయటికి పోనిచ్చేవాళ్ళు కాదట. ఏడే ఎందుకంటే తవాఫ్ ఏడు, సయీ ఏడు. ఇది కథే కావచ్చు. కానీ చిక్కమగళూరు పక్కన ఆయన గింజలు నాటాడని చెప్పే కొండల్ని ఈరోజుకీ బాబా బుడన్‌గిరి అనే పిలుస్తారు. అక్కడి గుహని దర్గా అని, దత్తపీఠం అని రెండు కౌమ్‌లవాళ్ళూ కొలుస్తారు. దానిమీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలుగుతున్న తగాదా పేపర్లలో చదివినవాళ్ళు చాలామందే. వాళ్ళలో ఆ కొండకీ పొద్దున తాగే కప్పుకీ ఉన్న రిష్తా తెలిసినవాళ్ళు ఎందరు?

ఒక తమాషా చూడండి. గింజ మోకా నుంచి సీదా మన పక్క కొండకి వచ్చింది. పేరు మాత్రం అరబ్బుల ఖహ్వా, తుర్కుల కహ్వే, డచ్చివాళ్ళ కోఫీ, ఇంగ్లీషువాళ్ళ కాఫీ అవుతూ లోకమంతా తిరిగి మన ఇంటికి చేరింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మేమూ కాఫీ అనే అంటాం.

ఇంకోటి. కాఫీ చెట్టుకి నీడ, చల్లదనం, దండిగా వానలు కావాలి. అరేబియా సముద్రం నుంచి వచ్చే మబ్బుని పశ్చిమ కనుమలు పట్టి ఆపుతాయి, తోటలు అక్కడ తడుస్తాయి. ఈవల వైపున్న అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. వాళ్ళకి కాఫీ పండించిన కొండల వరుసే మనకి శెనక్కాయని కూడా ఎండబెడుతోంది.

ఇక గరాటు సంగతి. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలికి కప్పు అడుగున మడ్డి మిగలడం నచ్చలేదు. ఇత్తడి గిన్నెకి మేకుతో బెజ్జాలు కొట్టి, కొడుకు నోట్‌బుక్కులోని అద్దుడు కాగితం పరిచి వడకట్టింది. అదే ఏడు పేటెంట్ తీసుకుని కంపెనీ పెట్టింది. గిన్నె కోసుగా మారింది తర్వాతి కాలంలో. మావాడు తెచ్చింది హారియో కంపెనీ వి60. 60 అంటే గరాటు కోణం 60 డిగ్రీలని. లోపలి గోడమీద మెలితిరిగిన గాట్లుంటాయి, కాగితం గోడకి అతుక్కోకుండా గాలి పోవడానికి. అడుగున ఒకటే పెద్ద రంధ్రం, కాబట్టి వేగమంతా పోసేవాడి చేతిలోనే ఉంటుంది. 15 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీళ్ళు. మొదట కొంచెం పోసి అర నిమిషం ఆగితే, వేయించినప్పుడు గింజలో మిగిలిన గాలి బుడగలై పైకొస్తుంది. మొత్తం మూడు నిమిషాల మషక్కత్. మా నానీ ఇదే పని పాత మల్లుగుడ్డతో చేసేది. కాకపోతే చికోరీ, బెల్లం, పాలు.

ఈ పద్ధతిలో పాలు, చక్కెర ఉండవు కాబట్టి తప్పు దాచే పర్దా లేదు. కప్పులో నూటికి 98 పాళ్ళు నీళ్ళే. మన బోరునీళ్ళలో సున్నపు గుణం ఎక్కువ. అది కాఫీలోని సన్నని పులుపుని చంపేసి చప్పగా చేస్తుంది. ఫ్లోరైడ్‌తో పళ్ళు గారపట్టిన జిల్లా మాది. 1990లలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు వందల ఊళ్ళకి పైపులు వేసేదాకా మంచినీళ్ళంటేనే ఒక సఫర్. ఇప్పుడు 20 లీటర్ల క్యాను కొనుక్కుంటున్నాం, మావాడు ఆ నీళ్ళతోనే పోస్తాడు.

పొడి వేసేముందు కాగితం వాసన పోవాలని వేణ్ణీళ్ళతో తడిపి, ఆ నీళ్ళు పారబోయాలంట. మా చెల్లెలు ఒప్పుకోలేదు. గరాటు కింద చెంబు పెట్టి, చల్లారాక కరేపాకు చెట్టుకి పోస్తోంది.