ఒళ్ళు పట్టడం: నాటి నుంచి నేటి దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి వ్రాయడానికి నాకంటే సమర్థులు ఉన్నారని తప్పుకోబోయాను. "మీకు తెలిసిన సంగతే వ్రాయండి" అన్నారు. ఈ మధ్య కష్టపడి నేర్చుకున్న సంగతి ఒకటి ఉంది. మన వయసు వారందరికీ పనికివచ్చేది కనుక దానినే మీ ముందుంచుతున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత మేము నల్లగండ్లలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాము. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడిన రోజుల్లో ఈ చుట్టుపక్కలంతా బండలు, పొలాలు, చెరువులు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక కంప్యూటర్ ఉద్యోగాల వెంట ఇళ్ళు, ఇళ్ళ వెంట దుకాణాలు, దుకాణాల వెంట మర్దన కేంద్రాలు వచ్చాయి. ఒకనాడు మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక కుర్రవాడు నా చేతిలో కరపత్రం పెట్టాడు. స్వీడిష్, థాయ్, డీప్ టిష్యూ, కేరళ ఆయుర్వేదం అంటూ వరసగా పేర్లు, పక్కన గంటకు ఇంత అని ధరలు. మా ఆవిడ అది చదివి, "మా అమ్మమ్మ పెట్టిన నలుగు ఇందులో లేదే" అంది. ఆ మాట పట్టుకునే ఈ చరిత్ర వెదకడం మొదలుపెట్టాను.

నలుగు, తలంటు, మాలిషు

మన ఇళ్ళలో దీనికి వైద్యం అన్న పేరే లేదు. పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోయడం, బాలింతకు ఒళ్ళంతా నూనె పట్టించి వేడినీళ్ళు పోయడం, దీపావళి తెల్లవారుజామున తలంటు, పెళ్ళికి ముందు సున్నిపిండితో నలుగు, పొలం నుంచి వచ్చిన తాతకు మనవలు కాళ్ళు పిసకడం, ఇవన్నీ మర్దనలో రకాలే. ఇంటి బయట ఈ విద్య నాయీ బ్రాహ్మణుల చేతుల్లోను, కాన్పులు చేసే మంత్రసానుల చేతుల్లోను ఉండేది. పని ఏడాది పొడవునా ఉండేది. ప్రతిఫలం మాత్రం పంట కల్లం దగ్గర ఇచ్చే మేర గింజలే.

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో అటువంటి ఒక పెద్దాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ను తాత అనేది. నా చిన్నతనంలో మా అన్న చింతచెట్టు మీది నుంచి జారిపడి కాలు పట్టుకుని ఏడుస్తుంటే ఆయన్ను పిలిపించారు. తాత నూనె గిన్నె పక్కన పెట్టి, వేళ్ళతో పిక్క మీద, ఎముక మీద మెల్లగా తడిమి చూశాడు. తరువాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అయ్యా, ఇది పట్టే నొప్పి గాదు. దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు. ఎముక చిట్లిందని నల్లగొండలో చెప్పారు. ఆ రోజు తాత నూనె ముట్టకుండానే వెళ్ళిపోయాడు. ఆ సంగతి నాకు అరవై ఏళ్ళ తరువాత మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఎందుకో చివర మనవి చేస్తాను.

గ్రంథాలలో

నూనె మర్దనను మన వైద్య గ్రంథాలు అభ్యంగం అన్నాయి. నూనె పట్టించిన కుండ, తోలు, బండి ఇరుసు ఎలా గట్టిపడి చాలాకాలం మన్నుతాయో, అభ్యంగంతో శరీరం అలాగే మన్నుతుందని చరకసంహిత చెబుతుంది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దీనిని రోజూ చేసుకోమన్నాడు. ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు మరువవద్దన్నాడు. మన నలుగు ఆయన చెప్పిన ఉద్వర్తనమే. అయితే అక్కడే మరొక మాట కూడా ఉంది. కఫం పెరిగినవారికి, అజీర్ణంతో ఉన్నవారికి, శోధన చికిత్స అయినవారికి అభ్యంగం కూడదన్నాడు. ఎవరికి చేయాలో చెప్పిన చోటే ఎవరికి చేయరాదో కూడా చెప్పడం గమనించదగినది.

కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో కూర్పించిన మానసోల్లాసంలో రాజు స్నానానికి, తైలాలకు ప్రత్యేకంగా చోటిచ్చారు.

హైదరాబాదు నగరానికి యునానీ వైద్యం ద్వారా మరొక సంప్రదాయం అందింది. అందులో మర్దనను దల్క్ అంటారు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్న్ సీనా తన గ్రంథంలో దీనిని విభజించి చెప్పాడు. గట్టి మర్దన ఒంటిని బిగిస్తుందని, మెత్తని మర్దన సడలిస్తుందని, ఎక్కువసేపు చేస్తే ఒళ్ళు తగ్గుతుందని, మితంగా చేస్తే పెరుగుతుందని ఆయన అభిప్రాయం. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రి ఈ వైద్య సంప్రదాయానిదే. పాతబస్తీ తాలీంఖానాలలో పహిల్వాన్ల మాలిషు సంగతి హైదరాబాదు మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

కరపత్రంలోని పేర్లు

ఇక ఆ కరపత్రంలోని పేర్ల సంగతి. స్వీడిష్ మర్దనను స్వీడన్ దేశస్థుడైన పెర్ హెన్రిక్ లింగ్ పేరుతో ముడిపెడతారు. ఆయన 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయం స్థాపించిన మాట నిజమే. కాని నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అనే పద్ధతులకు నేడు వాడే పేర్లను ప్రచారంలోకి తెచ్చినవాడు డచ్చి వైద్యుడు యోహాన్ మెజ్గర్ అని పరిశోధకులు అంటారు. డీప్ టిష్యూ అంటే కండరాల లోపలి పొరల దాకా బలంగా నొక్కడం. అది అందరి ఒంటికీ పడదు.

థాయ్ మర్దన నేల మీద పరుపు వేసి, నూనె లేకుండా, నొక్కుతూ కీళ్ళను సాగదీసే పద్ధతి. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో మూడవ రామరాజు కాలంలో దీనిని రాతిపలకల మీద చెక్కించారు. బుద్ధుని వైద్యుడైన జీవకుడిని ఆ విద్యకు గురువుగా తలుస్తారు. 2019లో యునెస్కో దీనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కేరళ పద్ధతిలో గోరువెచ్చని తైలం ధారగా పోస్తూ రుద్దే పిళిచ్చిల్ వంటివి ఉన్నాయి. 1902లో పి.యస్. వారియర్ స్థాపించిన కోట్టక్కల్ ఆర్యవైద్యశాల ఆ వైద్యానికి దేశమంతటా పేరు తెచ్చింది.

తమాషా ఏమిటంటే, మన చంపీ సీమకు వెళ్ళి షాంపూ అయింది. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానం, మర్దనల శాల నడిపి, నాలుగవ జార్జి, నాలుగవ విలియం రాజులకు ఆ హోదాలోనే సేవ చేశాడు. అదే పని చేసిన మా ఊరి తాతకు దక్కినది మేర గింజలు!

మన నగరంలో ప్రకృతి వైద్యానికి పునాది వేసినవారు డాక్టర్ బి. వెంకటరావు గారు. అమీర్‌పేట ప్రాంతంలో ఆయన నెలకొల్పిన ఆసుపత్రి తరువాత ప్రభుత్వపరమైంది. మట్టిపట్టీ, తొట్టిస్నానాలతో పాటు మర్దన కూడా అక్కడ చికిత్సలో భాగం. ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి సంగతి కూడా పెన్షనర్లు గుర్తుంచుకోదగినది.

లాభం ఎంత?

మర్దనతో కండరాల బిగువు సడలుతుంది, మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్, ఆమె సహచరులు నెలలు నిండకుండా పుట్టిన శిశువులను మెల్లగా నిమిరితే, నిమరని శిశువుల కంటే రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని ప్రకటించారు. మన అమ్మమ్మలకు ఆశ్చర్యం కలిగించని సంగతి ఇది. 2006లో మోకీళ్ళ అరుగుదల ఉన్న 68 మందిపై జరిగిన పరిశీలనలో ఎనిమిది వారాల స్వీడిష్ మర్దనతో నొప్పి, బిగువు తగ్గాయి. అయితే అరిగిన కీలు మళ్ళీ పెరగదు. ఇది ఉపశమనమే గాని మందులకు, వ్యాయామానికి బదులు కాదు.

నా అనుభవం

మా ఆవిడకు మోకాలి మార్పిడి శస్త్రచికిత్స జరిగిన పదవ రోజున పిక్క వాచి, వేడెక్కి, నొప్పి పెట్టింది. నడవక పట్టేసిందనుకున్నాను. నువ్వుల నూనె వెచ్చచేసి రెండు రోజులు నేనే రుద్దాను. మూడవ రోజు ఇంటికి వచ్చి మర్దన చేసే ఒకతన్ని పిలిపించాను. అతడు ఒక్క ప్రశ్న అడగకుండా మొదలుపెట్టాడు. అదే సమయానికి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చింది. గుమ్మంలోనుంచే, "అంకుల్, ముందు చెయ్యి తీయించండి" అంది. సాయంత్రానికల్లా స్కానింగులో తేలింది, కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చునని, ప్రాణానికే ముప్పని డాక్టరు గారు చెప్పారు. మందులతో నయమైంది. ఇప్పుడు ఆవిడ చెరువు గట్టు దాకా నడిచి వస్తోంది. కాని ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను తలచుకున్నది మా ఊరి తాతను, ఆయన వెనక్కి తీసుకున్న చేతిని.

కనుక సోదర పెన్షనర్లకు నా మనవి. ఒక కాలు అకస్మాత్తుగా వాచినా, వేడెక్కినా రుద్దకండి, డాక్టరుకు చూపించండి. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు గట్టి మర్దన జోలికి పోవద్దు. జ్వరం, పుండ్లు, కొత్త దెబ్బలు ఉన్నప్పుడు వద్దు. మెడ విరిపించుకోవద్దు. చక్కెర వ్యాధితో పాదాలు మొద్దుబారినవారు నూనె వేడిని ఇంకొకరి చేత చూపించుకోండి. మర్దన చేసే వ్యక్తి ముందుగా మీ జబ్బుల గురించి, మందుల గురించి అడగకపోతే, ఎంత చల్లని గది అయినా లేచి వచ్చేయండి.

తైలాలు, పేర్లు, ధరలు ఎన్నయినా మారవచ్చు. పట్టడం తెలిసిన చెయ్యికి పట్టకూడనిదీ తెలిసి ఉండాలి. పుస్తకం చూడకుండానే ఆ విద్య తెలిసిన చేతులు మన ఊళ్ళలో ఎన్నో ఉండేవి. వారికి మనం గింజలు కొలిచి ఇచ్చాము గాని గౌరవం కొలిచి ఇవ్వలేదు. ఆ బాకీ కొంతైనా తీరుతుందని ఈ నాలుగు మాటలు వ్రాశాను.

మీ అందరి ఆయురారోగ్యాలు కోరుకుంటూ సెలవు.