ఐదో అంశం

సోవియట్ చట్టం వికలాంగులను మూడు తరగతులుగానే విభజించింది. అక్కడి యూదులు మాత్రం తమను ‘ఐదో తరగతి వికలాంగులు’ అని చెప్పుకునేవారు. ఆ ‘ఐదు’ ఉద్యోగులు నింపే వివరాల పత్రంలోనిది. అందులో మొదట పేరు, తర్వాత లింగం, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఉండేవి. ఐదో అంశం జాతి. అక్కడ ‘యూదు’ అని రాసి ఉంటే కోరిన చదువు, ఉద్యోగం దక్కడం కష్టమయ్యేది.

జారుల కాలంలో ఈ ప్రశ్న వేరుగా ఉండేది. 1897 జనగణన మతాన్ని, మాతృభాషను అడిగింది కాని జాతిని అడగలేదు. జాతిని లెక్కలోకి తెచ్చినవారు బోల్షివిక్కులు. వాళ్ల ఉద్దేశం మంచిదే: ప్రతి జాతికీ సొంత బడి, సొంత పత్రిక, లిపి లేని భాషకు లిపి. అయితే జాబితా తయారీలో కొన్ని పేర్లు రాలిపోయాయి. మధ్య ఆసియాలో 1897లో దాదాపు పది లక్షల మంది తమ భాష ‘సార్తు’ అని చెప్పారు. 1926 జనగణన నాటికి సార్తులను ఉజ్బెకుల్లో కలిపేశారు. తరతరాలుగా జనం నోట నలిగిన పేరు ఒక కలంపోటుతో పోవడం తీరని నష్టం.

1932 డిసెంబర్ 27న దేశం లోపలే గుర్తింపు పత్రంగా వాడే పాస్‌పోర్టులు, జాతి గడితో సహా, వచ్చాయి. మొదట్లో మనిషి ఏ జాతి చెబితే గుమాస్తా అదే రాసుకునేవాడు. కానీ 1937లో సుమారు 1,70,000 మంది కొరియన్లను, వాళ్ల జాతి కారణంగానే, దూరప్రాచ్యం నుంచి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు తరలించారు. 1938 ఏప్రిల్ నుంచి మనిషి మాట చెల్లకుండా పోయింది. తల్లిదండ్రుల జాతినే రాయాలన్నారు. బడికీ పత్రికకూ దారి తీయాల్సిన గడి ఇలా మెడకు చుట్టుకుంది. 1941లో వోల్గా తీరపు జర్మన్లూ అదే కారణంతో ఊళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

తండ్రి రష్యన్, తల్లి ఆర్మేనియన్ అయిన పిల్లవాడికి పదహారో ఏట పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఒక్కసారే ఎంపిక ఉండేది. రెంటిలో ఒకటే చెప్పాలి, రెండూ అనడానికి వీలుండేది కాదు. సిరాతో రాసిన ఆ మాట ఇక జీవితాంతం మారేది కాదు. సామూహిక క్షేత్రాల రైతులకైతే 1974 దాకా పాస్‌పోర్టు హక్కే లేదు.

సోవియట్ యూనియన్ పోయాక, జాతిని ప్రకటించుకోమని ఎవరినీ బలవంతపెట్టరాదని రష్యా 1993 రాజ్యాంగం చెప్పింది. 1997లో వచ్చిన కొత్త పాస్‌పోర్టులో జాతి గడి లేదు. దాంతో తమ ఉనికే చెరిగిపోతుందని రష్యాలోని తాతార్‌స్తాన్, బష్కోర్తోస్తాన్ రిపబ్లిక్కులు అభ్యంతరం తెలిపాయి. చివరికి తాతార్‌స్తాన్ పాస్‌పోర్టుల్లో తాతారు భాషలో ఒక అదనపు పుట చేరింది.