మన బడికొచ్చిన బీబీసీ

మా తాతయ్య తరానికి బీబీసీ అంటే రేడియో. ఇందిరాగాంధీ చనిపోయిన వార్త ఆకాశవాణి చెప్పకముందే అందులో వచ్చిందని ఆ తరంవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే మా బడికి బీబీసీ కంప్యూటర్లు వచ్చాయంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “అందులో వార్తలు ఎన్ని గంటలకిరా?” అని. మేం నవ్వుకున్నాం గానీ, ప్రశ్న మరీ తీసిపారేయాల్సిందేం కాదు. ఒక ప్రసార సంస్థ పేరు కంప్యూటర్ మీదకి ఎందుకొచ్చిందో మాకు చెప్పినవాళ్ళు లేరు. ఆ కంప్యూటర్ బడి గది దాటితే ఇంకెక్కడా ఎందుకు కనిపించదో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ రెండో సంగతే నన్ను ఇప్పటికీ వదలదు. ఎనభైలలో బడికెళ్ళిన తెలుగు పిల్లల్లో కంప్యూటర్ తాకినవాళ్ళే తక్కువ. తాకినవాళ్ళలో చాలామంది మొదట చూసింది ఐబీఎమ్ పీసీ తరహా యంత్రం కాదు, బీబీసీ మైక్రో. అది చెడ్డ యంత్రమేం కాదు. బ్రిటన్‌లో బడి పిల్లలందరికీ తెలిసినది. మన దగ్గర మాత్రం ఏకాకి. జనం వద్దనుకోవడం ఒక రకం, జనానికి అసలు తెలియకపోవడం ఇంకో రకం. దీనిది రెండోది.

కొంచెం వెనక్కి వెళ్తాను. కంప్యూటర్లు ఉద్యోగాలనీ బతుకునీ మార్చేస్తాయని బ్రిటన్‌లో డెబ్భైల చివర పెద్ద చర్చ నడిచింది. జనానికి కంప్యూటర్ అక్షరాస్యత నేర్పాలని బీబీసీ అనుకుంది. 1982 జనవరిలో ‘ది కంప్యూటర్ ప్రోగ్రామ్’ అనే టీవీ ధారావాహిక మొదలైంది. చూసేవాళ్ళు ఇంట్లో చేసి చూసుకోవడానికి ఒక యంత్రం కూడా ఉండాలి కదా. కేంబ్రిడ్జ్‌లో హెర్మన్ హౌజర్, క్రిస్ కర్రీ నడుపుతున్న ఏకార్న్ అనే చిన్న కంపెనీకి ఆ అవకాశం దక్కింది. బీబీసీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారంటే స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్ తదితరులు వారం లోపల నమూనా తయారుచేశారు. 1981 డిసెంబరులో యంత్రం బయటికొచ్చింది. లోపల 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్, మోడల్ ‘బి’లో 32 కిలోబైట్ల మెమరీ. కొద్ది నెలలకే మోడల్ ‘బి’ ధర 399 పౌండ్లకి చేరింది. సింక్లేర్ స్పెక్ట్రమ్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. అయినా బడులు కొన్నాయి, ఎందుకంటే ఖర్చులో సగం ప్రభుత్వం ఇచ్చింది.

మొత్తం మీద ఓ 12,000 అమ్ముడవుతాయని బీబీసీ మొదట్లో అనుకుందట. చివరికి 15 లక్షల దాకా పోయాయి. ఆ 12,000 అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన దేశంలో ‘క్లాస్’ అనే పథకం 1984-85లో మొదలైంది. బడుల్లో కంప్యూటర్ అక్షరాస్యత దాని ఉద్దేశం. విద్యాశాఖ, ఎలక్ట్రానిక్స్ శాఖ కలిసి నడిపించాయి, ఎన్‌సీఈఆర్‌టీ చెయ్యి వేసింది. మొదట 250 బడులు, పోనుపోను 2,500 పైచిలుకు. అన్నిటికీ కలిపి పంచింది దాదాపు 12,000 యంత్రాలు. మొత్తం బ్రిటన్‌కి సరిపోతాయని బీబీసీ అనుకున్నన్ని మనకే వచ్చాయి, కానీ లెక్క కడితే బడికి సగటున ఐదు కూడా లేవు. చండీగఢ్ పక్కన మొహాలీలో ఉన్న ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్, ఇదే యంత్రాన్ని ‘యూనికార్న్’ అనే పేరుతో ఇక్కడ తయారుచేసింది. విదేశీ డిజైన్ తెచ్చుకుని మనమే కట్టుకుందాం అన్న ఆలోచన. ఆ రోజుల్లో అది తప్పని ఎవరూ అనలేదు, నేనూ అనను.

కానీ కాలం కలిసిరాలేదు. మన పథకం మొదలయ్యే వేళకి అక్కడ ఏకార్న్ మునిగిపోతోంది. బీబీసీ మైక్రోకి చవక తమ్ముడిగా ఎలక్ట్రాన్ అనే యంత్రం చేసి, 1983 క్రిస్మస్‌కి జనం అడిగినన్ని అందించలేకపోయారు. మరుసటేడు కావలసినన్ని చేసేసరికి ఇళ్ళల్లో వాడే కంప్యూటర్ల బేరమే పడిపోయింది, గోదాముల్లో సరుకు మిగిలిపోయింది. 1985 ఫిబ్రవరిలో ఇటలీ కంపెనీ ఒలివెట్టి 49.3 శాతం వాటా కొంది, ఆ ఏడాదిలోనే సింహభాగం దాని చేతికే పోయింది. ఇక మన దేశంలో 1984 నవంబరులో కొత్త కంప్యూటర్ విధానం వచ్చాక ఐబీఎమ్ పీసీని పోలిన యంత్రాలు ఒకటొకటిగా దిగాయి. ఆఫీసులు, బ్యాంకులు అటు వెళ్ళాయి. బడులు ఒక్కటే ఇటు. అదీ ఇక్కడ కథ.

గది గురించి చెప్పకుండా ఉండలేను. ఆ గది చూసినవాళ్ళెవరైనా ముందు చెప్పేది చెప్పుల సంగతే. గుమ్మం బయట వరసగా నలభై జతల చెప్పులు. దుమ్ము పడితే కంప్యూటర్ పాడవుతుందట. ఎండాకాలంలో బడి మొత్తానికి చల్లగా ఉండే గది అదొక్కటే, హెడ్‌మాస్టారి గదికి కూడా ఏసీ లేదు. నాలుగు యంత్రాల్లో ఎప్పుడూ ఒకటి రిపేరు. మిగిలిన మూడింటి చుట్టూ నలభై మంది. వారానికొక పీరియడ్. ముందు వరసలో ఉన్న ఒకడు కీబోర్డు మీద చెయ్యేస్తే, వెనకున్నవాళ్ళంతా “అది కాదెహే, ఆ పక్కది నొక్కు” అంటుండేవాళ్ళు. ఆడపిల్లలకి వంతు రావడం ఇంకా తక్కువ. వెనక్కి నిలబడి నోట్సు రాసుకునేది వాళ్ళే, పరీక్షలో మంచి మార్కులు వాళ్ళకే, కానీ మీట నొక్కినది ఏడాదికెన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నేర్పే సారు లెక్కల మేష్టారు. ఆయన్ని కొన్ని వారాలు శిక్షణకి పంపించి, తాళంచెవి చేతికిచ్చారు. ఏదన్నా పోతే ఆయన మీదకి వస్తుంది. యంత్రాలు స్టాకు రిజిస్టర్‌లో ఎక్కిన ఆస్తి. “ముట్టుకోకండ్రా” అనే మాట ఎందుకు అన్ని గదుల్లోనూ వినిపించేదో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక బీరువాకి, ఒక కంప్యూటర్‌కి మధ్య తేడా ప్రభుత్వ కాగితాల్లో ఉండదు. ఆ సారుకి బదిలీ అయిపోతే గది మూతపడేది. మా బడిలో అలా ఒక సంవత్సరమంతా మూతే.

ఆ గది గేటు దాటాక ఏమీ లేదు. ఊళ్ళో వెలిసిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో డాస్, వర్డ్‌స్టార్, కోబాల్ నేర్పేవాళ్ళు. దుబాయ్ నుంచి వచ్చిన మేనమామ ఎవరో స్పెక్ట్రమ్ తెచ్చాడని విన్నాం, ఆ క్యాసెట్లు దీంట్లో పనిచేయవు. దీని గురించి రాసే పత్రిక పుస్తకాల కొట్లో దొరకదు. చెడిపోతే బాగుచేసేవాడు జిల్లాలో లేడు. బ్రిటన్‌లో పిల్లలు రెప్టన్, చక్కీ ఎగ్ లాంటి ఆటల్ని క్యాసెట్ల మీద చేతులు మార్చుకుంటూ పెరిగారు. 1984లో వచ్చిన ‘ఎలీట్’ ఆటలో అంతరిక్షమంతా తిరిగి వ్యాపారం చేసేవాళ్ళు, దాన్ని ఈ 32 కిలోబైట్లలోనే ఇరికించారు. మాకు ఆ పేర్లు కూడా తెలియవు. వాళ్ళకి ఆ యంత్రం చుట్టూ ఒక ఊరు ఉంది. మాకు యంత్రం ఉంది, ఊరు లేదు.

అలాగని ఒంటరిగా దొరికిన కంప్యూటరే మమ్మల్ని పనిమంతుల్ని చేసిందని కథలు చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆటలు లేవు కాబట్టి ప్రోగ్రాములు రాశాం, అందుకే ఇంజనీర్లమయ్యాం అంటుంటారు. అలా అయినవాళ్ళు మాట్లాడతారు, మిగతా ముప్ఫై తొమ్మిది మంది మాట్లాడరు. వాళ్ళలో చాలామందికి కంప్యూటర్ అంటే చెప్పులు విడిచి దూరం నుంచి చూసే గుడిలాంటిదిగానే మిగిలిపోయింది.

అయితే ఆ మూడు యంత్రాల ముందు నిజంగా కూర్చోగలిగినవాళ్ళకి దొరికింది చిన్నదేం కాదు. సోఫీ విల్సన్ రాసిన బేసిక్ ఆ కాలానికి చాలా మెరుగైనది. మిగతా ఇంటి కంప్యూటర్లలో ప్రోగ్రామంటే ‘గోటూ’లతో అటూ ఇటూ గెంతడమే. ఇందులో పనికి పేరుపెట్టి వేరుగా రాసుకునే ‘ప్రోక్’ ఉండేది. తరవాత కాలేజీలో పాస్కల్ ఎదురైనప్పుడు ఇది మనకి తెలిసిందే కదా అనిపించింది. ఆన్ చేయగానే రెండు స్వరాల్లో బీప్‌మనేది. తప్పు కొడితే పొడి అక్షరాల్లో ‘మిస్టేక్’ అనేది, అంతే. వరస సంఖ్యల్ని అర్థంలేని తేడాతో వేయమంటే ‘సిల్లీ’ అనేది. మా మేష్టారు కూడా మమ్మల్ని అంత మర్యాదగా తిట్టలేదు. జాన్ కోల్ రాసిన యూజర్ గైడ్ ఐదొందల పేజీల దాకా ఉండేది. తాళం పడిన ఆ సంవత్సరం మాకు కంప్యూటర్ అంటే ఆ పుస్తకమే. ప్రోగ్రాము నోటుబుక్కులో రాసుకుని, బుర్రలో నడిపించుకుని, జవాబు పక్కన పెన్సిల్‌తో వేసుకునేవాళ్ళం.

అందులో మమ్మల్ని పట్టేసిన పేజీ ‘వీడీయూ 23’ది. అక్షరాన్ని మనమే గీసుకోవచ్చు. ఎనిమిది అడ్డవరసలు, వరసకి ఎనిమిది గళ్ళు. గళ్ళకి ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. నింపిన గళ్ళ విలువల్ని కూడితే వరసకొక అంకె. 224 నుంచి 255 వరకు ముప్ఫై రెండు అక్షరాలకి చోటు. గళ్ళ నోటుబుక్కు ఉన్న ఏ పిల్లకైనా తరవాతి ఆలోచన ఒకటే. తెలుగు!

అన్నిటికన్నా తేలిక సున్న. 0, 60, 66, 66, 66, 66, 60, 0. తెర మీద తెల్లగా, కొంచెం నలుచదరంగా, సున్న పడింది. ‘ర’కి దాని మీద తలకట్టు పెడితే చాలు. ‘ప’ పరవాలేదు. ‘మ’ దగ్గర గళ్ళు చాలలేదు, రెండు అక్షరాల చోటు పట్టింది. ‘అమ్మ’ రాద్దామంటే మకి కింద మవత్తు, దానికి కింది వరసలో ఇంకో గడి కావాలి. అంటే ఒక తెలుగు పంక్తికి రెండు ఇంగ్లీషు పంక్తుల చోటు. గుణింతాలు వేరే అక్షరాలుగా చేద్దామంటే ముప్ఫై రెండు దేనికీ సరిపోవు. ఇంకో చిక్కు. ఆన్ చేయగానే వచ్చే ఏడో మోడ్‌లో తెరకి ఒక కిలోబైటే ఖర్చు, కానీ అందులో మనం గీసిన అక్షరాలు కనపడవు. బొమ్మలు వివరంగా వేసే పెద్ద మోడ్‌కి వెళ్తే 32లో 20 కిలోబైట్లు తెరే మింగేస్తుంది. డిస్క్ డ్రైవ్ తగిలించి ఉంటే మనకి మిగిలేది ఆరు వేల బైట్ల లోపు. ఆ చోటులో గుణింతాలన్నీ పట్టించాలని ఎన్ని పీరియడ్లు ఖర్చుపెట్టామో. చివరికి పేర్లు మాత్రం రాయగలిగాం, అదీ వత్తులు లేని పేర్లు. మా తరగతిలో ‘రమ’కి మొదట పేరు పడింది, ‘లక్ష్మి’కి సంవత్సరం చివరికీ పడలేదు.

కాన్పూర్ ఐఐటీలో అప్పటికే ఆర్.ఎమ్.కె. సిన్హా, మోహన్ తాంబే వంటివాళ్ళు భారతీయ లిపుల పని చేస్తున్నారని, ఆ పనే తరవాత పుణె సీడాక్‌లో జిస్ట్ కార్డుగా వచ్చిందని ఎంతో కాలానికి తెలిసింది. జిస్ట్ కార్డు దిగింది పీసీలోకి. బడుల్లో ఉన్న యంత్రానికి కాదు. బడి పిల్లల ముందున్న కంప్యూటర్లో పౌండు గుర్తుకి మీట ఉంది, తెలుగుకి దారి లేదు. పథకం మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. యంత్రం పాతబడడం ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని మన భాషలోకి తెచ్చే పని మాత్రం ఆ 2,500 బడుల్లో ఏ కొన్నింటికైనా అప్పజెప్పి ఉండొచ్చు, పిల్లలు గళ్ళకాగితాల మీద అప్పటికే మొదలుపెట్టారు.

1989లో మొహాలీ కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1993 నుంచి క్లాస్ పథకాన్ని మరో రూపంలో పీసీలతో నడిపించారు, బీబీసీ మైక్రోలు మూలకి చేరాయి. మా బడిలోవి ఏమయ్యాయో అడిగితే స్టాకు రిజిస్టర్‌లో కొట్టేశారని చెప్పారు. ఇంకో వింత, ఏకార్న్‌లో అదే ఫర్బర్, అదే విల్సన్ కలిసి ఒక కొత్త ప్రాసెసర్ గీశారు. మొదటి చిప్పు 1985 ఏప్రిల్‌లో వచ్చింది. దాన్ని పరీక్షించడానికి వాడింది కూడా బీబీసీ మైక్రోనే. అదే ఆర్మ్. ఇవాళ మన చేతుల్లోని ఫోన్లన్నిటిలో దాదాపుగా అదే ఉంది, వత్తులతో సహా తెలుగంతా అందులో పడుతుంది.

ఇంగ్లండ్‌లో బ్లెచ్లీ పార్క్ దగ్గరున్న కంప్యూటింగ్ మ్యూజియంలో బీబీసీ మైక్రోలతో ఒక తరగతి గదినే ఏర్పాటు చేశారు. వచ్చిన పిల్లల్ని ముట్టుకోమంటారు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకి బ్రౌజర్‌లోనే నడిచే బీబీసీ మైక్రో దొరుకుతుంది, ఆ రెండు స్వరాల బీప్‌తో సహా. మొన్నామధ్య అందులో ఒకటో మోడ్ పెట్టి ‘క్ష’కి గళ్ళు లెక్కేశాను. అక్షరానికి నాలుగు గళ్ళు, కింద మవత్తుకి ఇంకో రెండు. లక్ష్మి ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోవాలి.