ఈస్టర్లిన్ వైరుధ్యం

ఏ దేశంలోనైనా ఒక కాలాన్ని తీసుకుని చూస్తే డబ్బున్నవాళ్లు లేనివాళ్లకన్నా సంతోషంగా ఉన్నామని చెబుతారు. కానీ ఆ దేశం ఆదాయం దశాబ్దాలపాటు పెరుగుతూ పోయినా జనం సంతోషం మాత్రం ఆ మేరకు పెరగదు. పొంతన కుదరని ఈ రెండు పరిశీలనలను కలిపి ఈస్టర్లిన్ వైరుధ్యం అంటారు. అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్ (1926–2024) 1974లో ప్రచురించిన వ్యాసంతో ఇది చర్చకు వచ్చింది.

దేశ ఆదాయానికి కొలమానంగా వాడే స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ) సంతోషాన్ని కొలవడానికి పుట్టిన లెక్క కాదు. 1934లో అమెరికా కాంగ్రెస్‌కు జాతీయాదాయ నివేదిక సమర్పించిన ఆర్థికవేత్త సైమన్ కుజ్‌నెట్స్, ఆ అంకెను పట్టుకుని దేశ సంక్షేమాన్ని అంచనా కట్టడం కుదరదని అందులోనే హెచ్చరించారు. ఆ హెచ్చరికను పాలకులు పెద్దగా పట్టించుకోలేదు. జీడీపీలో ప్రధానంగా చేరేది డబ్బు చేతులు మారే పని. భారత ప్రభుత్వ 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్లు జీతంలేని ఆ చాకిరీకి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. ఇంట్లో వండిన అన్నానికి జీడీపీలో చోటు లేదు, అదే అన్నం హోటల్లో వండితే ఉంది.

ఈస్టర్లిన్ 1946–1970 మధ్య అమెరికాలో జరిగిన సర్వేలను పరిశీలించారు. ఆ కాలంలో తలసరి ఆదాయం బాగా పెరిగింది. సంతోషంగా ఉన్నామన్నవారి వాటా మాత్రం నిలకడగా పెరిగిన జాడ లేదు. మనిషి తన సంపాదనను పక్కవాడి సంపాదనతో పోల్చుకుంటాడనీ, అందరి జీతాలూ కలిసి పెరిగితే ఆ పోలికలో ఎవరికీ కొత్తగా ఒరిగేదేమీ ఉండదనీ ఆయన వివరణ. ఉన్నదానికి అలవాటు పడి కోరికలు పెరగడం మరో కారణం.

వివాదం

2008లో ఆర్థికవేత్తలు బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వోల్ఫర్స్ ఈ వైరుధ్యాన్ని గట్టిగా ఖండించారు. వైరుధ్యానికి తరచూ ఉదాహరణగా చూపే జపాన్ సర్వేల్లో ప్రశ్నల మాటలే మధ్యమధ్యలో మారాయని వారు ఎత్తిచూపారు. ఆదాయం రెట్టింపైన ప్రతిసారీ తృప్తి దాదాపు ఒకే మేరకు పెరుగుతుందని వారి వాదన. అంటే నెలకు పదివేలు సంపాదించేవాడికి మరో పదివేలు చేసే మేలు, లక్ష సంపాదించేవాడికి చేయాలంటే మరో లక్ష కావాలి. వారు చూపినవి స్వల్పకాలిక హెచ్చుతగ్గులనీ, దీర్ఘకాలంలో తన మాటే నిలుస్తుందనీ ఈస్టర్లిన్ బదులిచ్చారు.

ఆయన పక్షాన బలమైన సాక్ష్యం చైనా. 1990–2010 మధ్య అక్కడ తలసరి ఉత్పత్తి కనీసం నాలుగు రెట్లయింది. అయినా జీవితం పట్ల తృప్తి మొదట పడిపోయి, తర్వాత కొంత కోలుకుందే తప్ప మొత్తంమీద పెరగలేదని 2012లో ఈస్టర్లిన్ బృందం చూపింది. ప్రభుత్వ కర్మాగారాల్లో లక్షలాది ఉద్యోగాలు ఊడాయి. వాటితోపాటే వైద్యం, పింఛను భరోసా పోయింది. దెబ్బ ఎక్కువగా తగిలింది కింది వర్గాలకే. సగటు అంకెలో ఇదేదీ కనబడదు.

ప్రపంచ సంతోష నివేదికలో ముందుండేవి ఎక్కువగా ఫిన్లాండ్, డెన్మార్క్ వంటి సంపన్న దేశాలే, కాబట్టి ఆదాయంతో పనిలేదనడం తొందరపాటు. అయితే 2024 నివేదికలో 143 దేశాలకుగాను భారత్ 126వ స్థానంలో ఉంటే, మనకన్నా తలసరి ఆదాయం తక్కువైన నేపాల్ 93వ స్థానంలో ఉంది.